పూజ వెండి నల్లబడింది... తోమాలా, ముంచాలా, అలాగే వదిలేయాలా?

శ్రావణమాసం దగ్గర పడుతోందంటే చెన్నైలో మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో బీరువాలు తెరుచుకుంటాయి. వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి వెండి ముఖం, కుందులు, పంచపాత్ర, ఉద్ధరిణి, కుంకుమ భరిణె, గంధం గిన్నె, పన్నీరు బుడ్డి అన్నీ బయటకొస్తాయి, తీరా చూస్తే సగం గోధుమరంగు, సగం నలుపు. ఇక అక్కణ్ణుంచి ఒక్కొక్కళ్ళది ఒక్కో మాట. అత్తయ్యగారు విభూతి పెట్టి తోమమంటారు, ఊళ్ళోంచి అమ్మ ఫోన్ చేసి పళ్ళపొడి చాలు అంటుంది, పక్క ఫ్లాట్ మామి చింతపండు అంటారు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అల్యూమినియం ఫాయిల్ వీడియో పెడతారు. ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు, కానీ అన్నీ అన్నిటికీ పనికిరావు, పైగా కొన్నిటివల్ల నలుపుతో పాటు అసలు వెండే పోతుంది. దాని గురించే ఇదంతా రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఈ నలుపు ఏంటో తెలిస్తే మిగతాది దానంతటదే తేలిపోతుంది. ఇనుము తుప్పు పట్టేది ఆక్సిజన్, తేమ వల్ల. వెండి మాత్రం మామూలు గాలిలో ఉన్న ఆక్సిజన్‌ని పెద్దగా పట్టించుకోదు, దాని చుట్టరికం అంతా గంధకంతో. గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ అని ఒక వాయువు ఉంటుంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన, డ్రైనేజీ మూత తీసినప్పుడు గుప్పుమనే వాసన దానిదే. మన ముక్కుకి తెలియనంత తక్కువున్నా సరే వెండికి చాలు, అందులోని గంధకాన్ని పట్టుకుని పైపైన సిల్వర్ సల్ఫైడ్ అనే పొర కట్టేస్తుంది. మొదట లేత పసుపు, తర్వాత గోధుమ, ఒక్కోసారి మధ్యలో నెమలికంఠం రంగు, ఊదా, చివరికి నలుపు. ఇన్ని రంగులు కనపడేది ఆ ఒక్క పొరే మందం పెరుగుతూ పోవడం వల్ల.

ఇప్పుడు అసలు సంగతి. ఆ నల్లపొర బయట్నుంచి వచ్చి అంటుకున్న మురికి కాదండి, బరువు లెక్కన అందులో 87 శాతం వెండే. నల్లగా అయిపోయిందని మనం కంగారుపడేటప్పటికి కూడా దాని మందం ఓ 100 నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, అంటే మిల్లీమీటర్లో పదివేలో వంతు. 25 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న వెండి కంచం రెండువైపులా అంత మందాన నల్లబడిందనుకుందాం, లెక్కేస్తే ఆ నలుపులో ఉన్న వెండి ఓ 60 మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే ఉంటుంది. అదే కంచాన్ని గరుకు పౌడర్ పెట్టి రుద్ది రుద్ది రెండువైపులా ఒక్క మైక్రాన్ అరగదీశామంటే, మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతే సుమా, దాదాపు గ్రాము వెండి సింకులోకి పోయినట్టు. కాబట్టి నల్లబడితే నష్టం లేదు, నష్టమంతా దాన్ని వదిలించే పద్ధతిలో ఉంది.

చెన్నైలో ఇంత తొందరగా ఎందుకు నల్లబడుతుంది అని చాలామంది అడుగుతుంటారు, ఊళ్ళో అమ్మ దగ్గరున్నప్పుడు బాగానే ఉండేది ఇక్కడికి తెచ్చాకే ఇలా అయింది అని. తేమ ఎక్కువుంటే ఈ రియాక్షన్ బాగా స్పీడుగా జరుగుతుంది, సముద్రం పక్కనున్న ఊళ్ళో తేమకేం కొదవ. కూవం, బకింగ్‌హామ్ కెనాల్ దగ్గర్లో ఉంటే ఆ వాసనలోనే వెండికి కావలసిన గంధకం ఉంది. సముద్రపు గాలిలో ఉప్పు ఇంకొకటి, ఉప్పులోని క్లోరైడ్ తగిలితే సిల్వర్ క్లోరైడ్ ఏర్పడుతుంది, అది మొదట తెల్లగా ఉండి వెలుతురు తగిలేకొద్దీ ఊదా బూడిద రంగుకి తిరుగుతుంది. పాతకాలం ఫోటో పేపర్ల మీద బొమ్మ పడింది కూడా ఇలా వెలుతురుకి నల్లబడే వెండి లవణాలతోనే. ఈ మరక మామూలు నలుపు కంటే మొండిది.

ఇవన్నీ ఊరివల్ల, ఇంట్లో మనం చేసేవి వేరే ఉన్నాయి. ప్రసాదం పులిహోర వెండి పళ్ళెంలో పెట్టి సాయంత్రం దాకా వదిలేస్తాం, పోపులో ఇంగువ వాసనంతా గంధకం ఉన్న పదార్థాలదే, ఆవాల ఘాటు కూడా అంతే, పైగా చింతపండు పులుపు, ఉప్పు. ఉల్లి, వెల్లుల్లి, కోడిగుడ్డు సంగతి సరేసరి, గుడ్డు తిన్న వెండి స్పూను చూస్తుండగానే గోధుమరంగు తిరుగుతుంది. దీపావళి టపాసుల మందులో గంధకం ఉంటుంది, ఆ పొగ ఇల్లంతా చేరుతుంది, అందుకే లక్ష్మీపూజకి తోమి పెట్టిన సామాను నాగులచవితి నాటికే రంగు తిరిగినట్టు కనిపిస్తుంది. అన్నిటికంటే ఎవరూ అనుమానించనిది రబ్బరు బ్యాండ్. స్పూన్లన్నీ కట్టగట్టి రబ్బరు బ్యాండ్ వేసి కవర్లో పెడతాం కదా, రబ్బరుని గట్టిపరచడానికి గంధకమే వాడతారు, కొన్నాళ్ళకి తీసి చూస్తే బ్యాండ్ ఉన్నచోట సరిగ్గా గీత గీసినట్టు నల్లటి చుట్టు ఉంటుంది. గుడ్డ చుట్టి పైన బ్యాండ్ వేసినా ఆ చుట్టు పడుతుంది.

పట్టీలు నల్లబడితే ఒంట్లో వేడి అని, పిల్లల మొలతాడు నల్లబడితే దిష్టి అని పెద్దవాళ్ళు అంటారు. చెమటలో ఉప్పు ఉంటుంది, గంధకం ఉన్న పదార్థాలు కొంత ఉంటాయి, మనిషి మనిషికీ ఇవి మారతాయి, రాసుకునే క్రీములు ఆయింట్‌మెంట్లు మారతాయి, అందుకే ఒకే షాపులో కొన్న పట్టీలు అక్కవి తెల్లగా ఉండి చెల్లివి నల్లబడొచ్చు. పిల్లల మొలతాడు నల్లబడిందని భయపడాల్సిన పనేం లేదు. ఇంకో మాట, మేలిమి వెండైతే నల్లబడదు, నల్లబడిందంటే కల్తీ అని. ఇది తప్పు. మేలిమి వెండి కూడా నల్లబడుతుంది. 925 వెండి అంటే 92.5 శాతం వెండి, మిగతా 7.5 శాతం సాధారణంగా రాగి, ఆ రాగికి కూడా గంధకం, ఆక్సిజన్ రెండూ తగులుకుంటాయి కాబట్టి రంగు తిరగడం ఇంకాస్త ఎక్కువుంటుంది, అంతవరకే. నలుపు చూసి షాపువాడు మోసం చేశాడని తేల్చేయకూడదు.

స్వచ్ఛత తెలియాలంటే హాల్‌మార్క్ చూడాలి. వెండికి బీఐఎస్ హాల్‌మార్కింగ్ 2005 నుంచే ఉంది, 2025 సెప్టెంబర్ నుంచి బంగారానికి ఉన్నట్టే ఆరు క్యారెక్టర్ల హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో వస్తువుకి విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు, కూడా వచ్చింది, కాకపోతే బంగారంలా తప్పనిసరి కాదు, షాపువాళ్ళు వేయిస్తేనే ఉంటుంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే క్లీనింగ్ మొదలుపెట్టేముందు చేతిలో ఉన్నది వెండేనా కాదా అన్నది తేల్చుకోవాలి. టీ నగర్‌లో రిటర్న్ గిఫ్టులకి కొనే జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణెలు, పళ్ళేలు ఉన్నాయి చూడండి, అందులో వెండి చుక్క కూడా ఉండదు, రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందంటారు, తెలీదు, వెండీ అంటుకోదు జర్మన్ సిల్వరూ మామూలుగా అంటుకోదు. వెండిపూత వేసిన ఇత్తడి సామాను ఇంకో రకం, దాన్ని తోమేకొద్దీ అంచుల్లో, పట్టుకునే చోట పసుప్పచ్చ బయటపడుతుంది, ఒకసారి బయటపడితే ఇంట్లో చేయగలిగింది లేదు, మళ్ళీ పూత వేయించుకోవడమే.

సరే, వదిలించే పద్ధతులు. ఎన్ని చిట్కాలున్నా అన్నీ మూడే దారులు: పొరని గీకి తీసేయడం, మందులో కరిగించేయడం, లేదా పొరలోంచి గంధకాన్ని మాత్రం లాగేసి వెండిని వెండిగా వదిలేయడం.

గీకడం మన పాత పద్ధతి. వెండి చాలా మెత్తటి లోహం, మోస్ కాఠిన్యం స్కేలు మీద 2.5 దగ్గర ఉంటుంది, ఇసుకలో ఉండే సిలికా 7. గిన్నెలు తోమే పౌడర్ స్టీలు మాడు వదిలించడానికి చేసింది, వెండి మీద వేస్తే గీతలు పడకేం చేస్తాయి. ఆకుపచ్చ స్క్రబ్బరు, స్టీలు పీచు అస్సలు దగ్గరికి రానివ్వకండి. పళ్ళపొడి, టూత్‌పేస్టు కాస్త నయమే కానీ కొన్నిట్లో సిలికా ఉంటుంది, పళ్ళు తెల్లబడతాయని అమ్మేవాటిలో గరుకు ఇంకా ఎక్కువ, ఎప్పుడో ఒకసారైతే ఫరవాలేదు గానీ ప్రతి శుక్రవారం దానితోనే తోమితే కొన్నేళ్ళకి నక్షీ అంతా అరిగిపోతుంది. విభూతి కూడా ఇంతే, పాతవాళ్ళు దాన్ని పల్చటి గుడ్డలో వస్త్రగాళితం పట్టి, ఆ మెత్తటి పొడిని మాత్రమే చేత్తో మెల్లగా రుద్దేవాళ్ళు, ఆ జాగ్రత్తలోనే ఉంది అంతా. ఇప్పుడు ప్యాకెట్లో వచ్చే విభూతిలో ఏం కలిపారో తెలీదు, రెండు వేళ్ళ మధ్య రుద్ది చూడండి, కొంచెం గరగరలాడినా వద్దు. మ్యూజియంల్లో వాళ్ళు రుద్దాల్సి వస్తే వాడేది చాలా మెత్తటి కాల్షియం కార్బొనేట్ పొడి, నీళ్ళతో పేస్టులా చేసి దూదితో.

చింతపండు, నిమ్మకాయ ఎందుకు వెండి మీద పెద్దగా పనిచేయవో చెప్తాను, ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇత్తడి కుంది మీద, రాగి చెంబు మీద ఉండేది ఎక్కువగా ఆక్సైడ్, పులుపు తగలగానే అది కరిగిపోతుంది, మాయలా మెరిసిపోతుంది. సిల్వర్ సల్ఫైడ్ అలా కాదు, నీళ్ళల్లో కరగని పదార్థాల్లో దాదాపు ముందువరసలో ఉంటుంది, చింతపండు పులుపుకి అది కదలదు. వెండి సామాను చింతపండుతో తోమితే కొంచెం తెల్లబడ్డట్టు కనిపించేది పైన ఉన్న జిడ్డు, రాగి తాలూకు మరక పోవడం వల్ల, ఆపైన మన చేతి బలం వల్ల. ఇక నిమ్మకాయలో ఉప్పు అద్ది రుద్దడం అంటే క్లోరైడ్‌ని చేతులారా పూయడమే. బ్లీచింగ్ లిక్విడ్ అయితే ఇంకా ఘోరం, వెండిని అదే నల్లగా చేసేస్తుంది.

షాపుల్లో సీసాల్లో దొరికే సిల్వర్ డిప్పులు రెండో దారి. చాలావాటిలో థయోయూరియా, దానితో పాటు ఒక యాసిడ్ ఉంటాయి. ముంచగానే క్షణాల్లో తెల్లబడుతుంది, అది నిజమే, కానీ నలుపుతో పాటు అందులో ఉన్న వెండి కూడా ఆ ద్రవంలోకి పోయినట్టే, ఎక్కువసేపు ఉంచితే కింది లోహాన్ని కూడా తింటుంది, మెరుపు చచ్చిపోతుంది. థయోయూరియా క్యాన్సర్ కారకం కావచ్చన్న అనుమానం ఉన్న పదార్థం, యూరప్‌లో దాన్ని అలాగే వర్గీకరించారు. పట్టీలకి వాడుకుంటే వాడుకోండి, గ్లోవ్స్ వేసుకుని, కిటికీ తెరిచి. పాపాయి ఉగ్గుగిన్నెకి, అన్నప్రాశన స్పూనుకి, పాలగ్లాసుకి మాత్రం నేను వద్దనే చెప్తాను, ముక్కు గిన్నె లోపల మూలల్లో ఆ మందు ఎంత కడిగినా పూర్తిగా పోయిందో లేదో మనకి కనపడదు.

మూడోది ఫాయిల్ పద్ధతి, వీడియోల్లో చూపించేది. ఇది ఉత్త మ్యాజిక్ అనుకుని నమ్మనివాళ్ళున్నారు కానీ దీని వెనకున్నది గట్టి కెమిస్ట్రీ. గంధకం పట్టుకున్న వెండికి అల్యూమినియం తన ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది, వెండి మళ్ళీ లోహంగా మారిపోతుంది, గంధకం విడిపోయి బయటికి పోతుంది, కొంత హైడ్రోజన్ సల్ఫైడ్‌గానే. అందుకే చేసేటప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, ఆ వాసన వచ్చిందంటే పని జరుగుతున్నట్టు. వెండికీ ఫాయిల్‌కీ మధ్య చిన్న బ్యాటరీ నడుస్తుందన్నమాట. బ్యాటరీ నడవాలంటే రెండూ ఒకదాన్నొకటి తాకాలి, మధ్యలో సోడా కలిపిన నీళ్ళుండాలి. చాలామందికి ఇది సరిగా రాకపోవడానికి కారణం ఆ తాకడం దగ్గరే, గిన్నెలో ఫాయిల్ ఓ మూల, వెండి ఓ మూల ఉంటే ఏమీ జరగదు.

చేసే విధానం ఇది. ముందు కుందుల నూనె జిడ్డు, హారతి మసి, కుంకుమ అన్నీ గోరువెచ్చటి నీళ్ళు, కుంకుడురసం లేదా గిన్నెల లిక్విడ్‌తో మెత్తటి బ్రష్ పెట్టి కడిగేయండి, జిడ్డు ఉంటే రియాక్షన్ జరగదు, అసలు సగం నలుపు మసే అయ్యుంటుంది, దీనితోనే పోతుంది. తర్వాత ఒక వెడల్పాటి గిన్నెలో అడుగునా పక్కలా ఫాయిల్ పరిచి, లీటరు నీళ్ళకి మూడు నాలుగు చెంచాల వంటసోడా లెక్కన వేయండి, ఇక్కడి కిరాణా కొట్లో ఆప్పసోడా అంటే ఇస్తారు, బేకింగ్ పౌడర్ వేరు, అది కాదు. బాగా మరిగిన నీళ్ళు కొంచెం కొంచెంగా పోయండి, ఒక్కసారి పోస్తే పొంగి చేతిమీద పడుతుంది. ఉప్పు కూడా వేయమంటారు, వేస్తే కరెంటు ఇంకాస్త బాగా నడుస్తుంది, కానీ సోడా ఒక్కటే చాలు, ఉప్పు లేకపోతే తర్వాత కడగడంలో గుబులుండదు. వెండిని ఫాయిల్ మీద ఆనేలా పెట్టండి. ముందు ఉద్ధరిణి ఒక్కటి తీసుకుని సగం వరకే నీళ్ళల్లో ఉంచి చూడండి, రెండు మూడు నిమిషాల్లో మునిగిన సగం తెల్లగా, పైసగం నల్లగా, మధ్యలో నీటి గీత స్పష్టంగా కనిపిస్తుంది, దానితో మీ సామాను వెండో కాదో కూడా కొంత అంచనా వస్తుంది. పెద్ద సామాను తిప్పి తిప్పి పెట్టాలి. ఫాయిల్ మసకబారి నల్లబడ్డాక కొత్తది మార్చాలి, నీళ్ళు చల్లారితే మళ్ళీ వేడివి పోయాలి. వంటింటి కిటికీ తెరిచి ఉంచండి.

తీశాక వెంటనే మంచినీళ్ళతో కడిగి, అప్పుడే తుడిచేయాలి. చెన్నైలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి కాబట్టి చివరి కడుగుడు క్యాన్ వాటర్‌తోనో ఆర్‌ఓ నీళ్ళతోనో చేస్తే తెల్లమచ్చలు పడవు. ఇలా తెల్లబడ్డ వెండి కొంచెం పాలరంగులో, మెరుపు లేకుండా కనిపించొచ్చు, ఎందుకంటే తిరిగొచ్చిన వెండి నున్నగా కాకుండా సన్నటి రేణువుల్లా కూర్చుంటుంది, కొంత పొర పెచ్చులుగా రాలిపోతుంది కూడా. పొడి నూలుగుడ్డతో మెల్లగా రుద్దితే మెరుపు వస్తుంది. మ్యూజియం వస్తువులకి ఈ పద్ధతి సాధారణంగా వాడరు, ఆ కారణంతోనే. మన ఇంటి కంచాలకి, గ్లాసులకి, స్పూన్లకి మాత్రం ఇంతకంటే తక్కువ నష్టంతో అయ్యే పద్ధతి నాకైతే కనపడలేదు.

ఇక అమ్మవారి ముఖం. దీన్ని దయచేసి దేంట్లోనూ ముంచకండి. పల్చటి వెండి రేకుని వెనకనుంచి కొట్టి ఉబ్బెత్తుగా చేసిన పని అది, ముక్కుకొన, కనుబొమ్మలు, పెదవులు ఎత్తుగా ఉండేచోటే మన చేయి ఎక్కువ తగులుతుంది, అక్కడే రేకు అరుగుతుంది. ఏళ్ళ తరబడి గట్టిగా తోమిన ముఖాల్లో ముక్కుకొన నున్నగా పలకబారి, ముక్కుపుడక చుట్టూ గీసిన సన్నటి గీతలు ఆనవాలు లేకుండా పోవడం చూస్తాం. కళ్ళకి రంగు, బొట్టుకి ఎనామెల్, అంటించిన రాళ్ళు ఉంటాయి, కొన్నిట్లో వెనక లక్క నింపి ఉంటుంది, వేడినీళ్ళకి లక్క మెత్తబడుతుంది, రాళ్ళ జిగురు ఊడిపోతుంది. దీనికి వెండి తుడిచే పాలిషింగ్ క్లాత్ ఒకటి కొనుక్కుని పొడిగా, ఒకే దిశలో, తేలిగ్గా తుడవండి. జడగంటల మీద, నగల గీతల్లోపల ఉన్న నలుపుని వదిలేయండి. ఆ లోపలి నలుపు వల్లే పైన ఉన్న పని ఎత్తుగా కనిపిస్తుంది, అదీ తీసేస్తే ముఖం చప్పగా అయిపోతుంది. ఆక్సిడైజ్డ్ నగలకి కూడా ఇదే, అక్కడ నలుపు కావాలని పట్టించిందే, ఫాయిల్ నీళ్ళల్లో వేస్తే డిజైనంతా మాయమవుతుంది.

దాచడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పూర్తిగా ఆరబెట్టి, ఉతికిన పాత నూలు పంచె ముక్కలో విడివిడిగా చుట్టి, జిప్‌లాక్ కవర్లో గాలి తీసేసి, ఒక సిలికా జెల్ ప్యాకెట్ వేసి మూసేయండి. న్యూస్‌పేపరు, ఉన్ని గుడ్డ, రబ్బరు బ్యాండ్ వద్దు. రోజూ వాడే సామాను దాచినదానికంటే తెల్లగా ఉంటుంది, వాడకంలో కడిగి తుడిచినప్పుడల్లా పొర కట్టకముందే పోతుంది కాబట్టి, అందుకని కనీసం పంచపాత్ర, పాలగ్లాసు బీరువాలో పెట్టకుండా బయటే ఉంచుకోమంటాను.

ఇంట్లో పోని నలుపు ఉంటే, సొట్టలుంటే షాపుకే తీసుకెళ్ళాలి, షావుకారుపేటలోనో టీ నగర్‌లోనో మీరు కొన్నచోటికే. మెరుగు పెట్టడం అంటే అక్కడ మెషిన్ మీద బఫింగ్ చేస్తారు, మెరుపు బాగా వస్తుంది కానీ కొంత లోహం పోవడం ఖాయం, పల్చటి రేకు సామానుకి మళ్ళీ మళ్ళీ చేయించకూడదు. ఇచ్చేముందు మీ ఎదురుగా తూకం వేయించి చీటీ మీద రాయించుకోండి, తీసుకునేటప్పుడు మళ్ళీ తూయించండి, ఇది అనుమానించడం కాదు, మంచి షాపువాళ్ళు అడగకుండానే చేస్తారు. గుమ్మంలోకొచ్చి బంగారం వెండి మెరుగు పెడతాం అనేవాళ్ళకి మాత్రం ఏదీ ఇవ్వొద్దు. నైట్రిక్ యాసిడ్‌లో వెండి కరిగిపోతుంది, బంగారాన్ని కరిగించే యాసిడ్ మిశ్రమం వేరే ఉంది, మన కళ్ళముందే ముంచి తళతళలాడించి ఇస్తారు, తగ్గిన బరువు వాళ్ళ సీసాలో ఉంటుంది. మధ్యాహ్నంపూట పెద్దవాళ్ళు ఒక్కళ్ళే ఉండే ఇళ్ళకే ఇలాంటివాళ్ళు వస్తారు, ఈ ఒక్క సంగతి ఇంట్లో అమ్మమ్మకీ తాతయ్యకీ ముందే చెప్పి ఉంచండి.